బిల్లులో లేని మనుషులు

ఆపరేషన్ అయి ఇంటికి చేరాక, ఆసుపత్రి వాళ్ళని అడిగి ఐటమైజ్డ్ బిల్లు తెప్పించుకున్నాను. ఇన్సూరెన్స్ కంపెనీ పంపే కాగితంలో మొత్తాలే ఉంటాయి, దేనికెంత అన్న వివరం ఉండదు. ఉద్యోగమంతా పద్దులు చూస్తూ గడిపినవాణ్ణి, నా గుండెకి ఎవరెంత లెక్కగట్టారో చూడకుండా ఉండలేకపోయాను. "ఇంకా ఛాతీ ఎముక అతుక్కోనే లేదు. ఆ అంకెలు చూసి మళ్ళీ ఏమన్నా తెచ్చుకుంటారు" అంది మా ఆవిడ. పది పౌండ్లకి మించి ఏదీ ఎత్తొద్దన్నారు కాబట్టి ఆ కాగితాల కట్ట కూడా తనే మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది.

ఆపరేషన్ థియేటరుకి నిమిషాల లెక్కన వేశారు. రక్తం తిప్పే యంత్రానికి విడిగా వేశారు. ఆస్పిరిన్ మాత్రలు, పొటాషియం, ఎక్స్‌రేలు, తెల్లవారుజామున తీసిన రక్తంతో చేసిన పరీక్షలు, దేనికది వరసగా ఉన్నాయి. సర్జన్ బిల్లు వేరే కవర్లో, మత్తు డాక్టరుది ఇంకో కవర్లో వచ్చాయి. నర్సు అన్న మాట మాత్రం ఎక్కడా కనబడలేదు. మళ్ళీ మొదటి నుంచీ వెతికితే తేలిందేమిటంటే, నర్సులు గది అద్దెలో ఉన్నారు. అమెరికా ఆసుపత్రుల పద్దు పద్ధతే అది. గదికి రోజుకి ఇంత అని ఒక అంకె వేస్తారు. మంచం, దుప్పటి, కరెంటు, భోజనం, గది తుడిచే మనిషి, రాత్రంతా నా మీద కన్నేసి ఉంచిన నర్సు, అందరూ ఆ ఒక్క అంకెలోనే. డాక్టరు చేసిన పనికి ధర ఉంది. నర్సు చేసిన పనికి విడిగా ధర లేదు, అది దుప్పటితో పాటు వచ్చే సౌకర్యం.

ఆసుపత్రి యజమానుల్ని ఒక్కళ్ళనే అనడమెందుకు, మన లెక్కలు కూడా అంతే. నాకు బైపాస్ అయిందని తెలిశాక కొలంబస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళూ, డాలస్ నుంచి మేనత్త కొడుకూ, తణుకు నుంచి మా అన్నయ్యా ఫోన్ చేశారు. అందరూ అడిగింది ఒకటే: "సర్జన్ ఎవరు? మనవాడేనా? హస్తవాసి ఎలాంటిది?" సర్జన్ హస్తవాసి మంచిదే, అందులో సందేహం లేదు. దక్షిణ కరోలినాలో పుట్టి పెరిగిన మనిషి, మాట తక్కువ, పని చక్కన. ఆయనకి ఉత్తరం రాశాను, దణ్ణం పెట్టాను. కానీ ఆయన నాతో గడిపిన కాలమంతా కలిపితే ఒక పూట. అందులో ఎక్కువ భాగం నాకు స్పృహ లేదు. మిగతా రోజులన్నీ నన్ను బతికించినవాళ్ళ గురించి ఫోన్లో ఒక్కరూ అడగలేదు. అందుకే ఈ నెల కాలమ్ వాళ్ళకి.

జబ్బు కథ పొడుగ్గా చెప్పను. జనవరిలో ఇంటి ముందు మంచు తోస్తుంటే ఎడమ దవడ లాగింది. పంటి నొప్పి అనుకుని ఇంట్లోకి వెళ్ళి కూర్చుంటే తగ్గింది. మళ్ళీ పార పట్టుకుంటే మళ్ళీ లాగింది. మా అమ్మాయి ఫోన్లో విని, "నాన్నా, పని చేస్తే వచ్చి కూర్చుంటే తగ్గేది పన్ను కాదు, బయల్దేరండి" అంది. యాంజియోగ్రామ్‌లో మూడు రక్తనాళాలు మూసుకుపోతున్నాయని తేలింది. షుగరు ఉంది, స్టెంట్ల కంటే బైపాస్ మేలన్నారు. దక్షిణాసియా వాళ్ళకి గుండె జబ్బు మిగతావాళ్ళ కంటే చిన్న వయసులోనే వస్తుందని అందరూ చెప్పేదే. ఆ లెక్కన అరవై దాటేదాకా ఆగిన నాది అదృష్టమే అన్నాడు కార్డియాలజిస్టు.

ఈ ఆపరేషన్ చరిత్రకి మా ఒహాయో రాష్ట్రం సొంతూరు లాంటిదని చాలామంది తెలుగువాళ్ళకి తెలీదు. మా ఊరి నుంచి కారులో రెండు గంటల్లో వెళ్ళగలిగే క్లీవ్‌లాండ్‌లో, 1958లో మేసన్ సోన్స్ అనే డాక్టరు ఒక గుండె పరీక్ష చేస్తుండగా గొట్టం అనుకోకుండా జారి గుండె సొంత రక్తనాళంలోకి రంగుమందు వదిలింది. మనిషి చచ్చిపోతాడని హడలిపోయారు. ఆ మనిషి బతికాడు, ఇవాళ ఊరూరా చేసే యాంజియోగ్రామ్ అక్కణ్ణుంచే మొదలైంది. అదే క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో 1967లో రెనే ఫవలోరో, కాలి సిర తీసి గుండెకి దారి మళ్ళించే ఆపరేషన్‌ని ఒక పద్ధతిగా నిలబెట్టాడు. ఆయన అర్జెంటీనా వాడు. ఇక్కడికి రాకముందు పన్నెండేళ్ళు ఒక పల్లెటూళ్ళో మామూలు వైద్యుడిగా పనిచేశాడు. పేరు తెచ్చుకున్నాక 1971లో మళ్ళీ తన దేశం వెళ్ళిపోయాడు. మన ప్రవాసుల్లో ఆ పని చేసినవాళ్ళు ఎందరో లెక్కపెట్టుకోవచ్చు.

నాకు వీళ్ళిద్దరి కంటే ఇష్టమైన కథ జాన్ గిబ్బన్‌ది. గుండెని ఆపి పనిచెయ్యాలంటే ఆ కాసేపూ రక్తాన్ని శుభ్రం చేసి ఒళ్ళంతా తిప్పే యంత్రం కావాలి. ఆ ఆలోచన గిబ్బన్‌కి ఆపరేషన్ థియేటర్లో రాలేదు. బోస్టన్‌లో కుర్ర డాక్టరుగా ఉన్నప్పుడు, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన ఒకావిడ పక్కన రాత్రంతా కూర్చుని నాడీ, బీపీ రాసే పని ఆయనకి అప్పగించారు. అంటే ఈనాటి నర్సు పని. ఆవిడ కళ్ళముందే నల్లబడిపోతుంటే, ఈ రక్తాన్ని కాసేపు బయటికి తీసి ఆక్సిజన్ పట్టించి పంపితే బతికేది కదా అనిపించిందట. ఆ యంత్రం పని చెయ్యడానికి ఇరవయ్యేళ్ళు పైనే పట్టింది. ప్రయోగశాలలో టెక్నీషియన్‌గా ఉన్న మేరీని పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరూ కలిసే యంత్రం కట్టారు. ప్రయోగాలకి రాత్రిళ్ళు బోస్టన్ వీధుల్లో పిల్లుల్ని పట్టుకొచ్చేవాడట. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో, గుండెలో చిల్లు ఉన్న పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ప్రాణాన్ని ఆ యంత్రం 26 నిమిషాలు మోసింది. అమెరికాలో నర్సుల వారం కూడా మే 6నే మొదలై, ఫ్లారెన్స్ నైటింగేల్ పుట్టినరోజు మే 12తో ముగుస్తుంది. తేదీలు కాకతాళీయంగా కలిశాయి కానీ నాకు బాగా కలిశాయనిపిస్తుంది.

ఇప్పుడు ఆ యంత్రం దగ్గర కూర్చునే మనిషిని పెర్‌ఫ్యూజనిస్ట్ అంటారు. డాక్టరు కాదు, నర్సు కాదు. పొటాషియం కలిపిన ద్రవంతో గుండెని ఆపాక మళ్ళీ అది కొట్టుకునేదాకా ఒంట్లో రక్తం ఎంత వేగంతో తిరగాలో, ఎంత చల్లగా ఉండాలో, గడ్డకట్టకుండా మందు సరిపోతోందో లేదో చూసేది ఆ మనిషే. నాకు ఆ పని చేసింది ఒకావిడ, అంటే ఆ కాసేపూ నా గుండె ఆవిడే. థియేటరులోకి తీసుకెళ్ళబోయే ముందు వచ్చి తన పేరు చెప్పి, "నేను మీ పక్కనే ఉంటాను, మీకు మాత్రం కనిపించను" అంది. మళ్ళీ కనిపించలేదు. నా ఎడమ కాలిలో సిర తీసినది కూడా సర్జన్ కాదు. మోకాలి దగ్గర చిన్న గాటు పెట్టి, కెమెరా గొట్టం దూర్చి, పొడుగాటి సిరని తెగకుండా లాగినవాడు ఒక ఫిజీషియన్ అసిస్టెంట్. ఆ గాటు ఇప్పుడు వెతికితే గానీ కనపడదు.

మెలకువ వచ్చేసరికి గొంతులో గొట్టం ఉంది. మాట రాదు. చేతులు మెత్తటి పట్టీలతో మంచానికి కట్టి ఉన్నాయి, మత్తులో గొట్టం పీకేసుకుంటామని. ఎవరో నా ఇంటిపేరు పెట్టి పిలుస్తున్నారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు, అసలు పేరు తారుమారైన తెలుగువాళ్ళలో నేనూ ఒకణ్ణి, ఈ దేశంలో సగంమందికి నేను ఇంటిపేరుతోనే తెలుసు. "ఆపరేషన్ అయిపోయింది. బాగా జరిగింది. మీ ఆవిడ బయటే ఉంది. మీ బదులు మెషీన్ ఊపిరి తీస్తోంది, దానితో పోట్లాడకండి" అని ఆ గొంతు చెబుతోంది. కాసేపటికి మళ్ళీ అదే చెప్పింది. మత్తులో ఉన్నవాడికి ఒకసారి చెప్పింది గుర్తుండదని ఆ నర్సుకి తెలుసు. ఆ రాత్రి ఎన్నిసార్లు చెప్పిందో ఆవిడకీ తెలిసుండదు. ఒక్కసారీ గొంతులో విసుగు లేదు.

గుండె ఆపరేషన్ అయిన మొదటి గంటల్లో ఐసీయూలో నర్సు ఒక్క రోగినే చూస్తుంది. మందుల పంపులు మంచం చుట్టూ ఉంటాయి. బీపీ పడిపోతుంటే ఒకటి పెంచాలి, ఎక్కువైతే తగ్గించాలి. ఛాతీలోంచి వచ్చే గొట్టాల్లో గంటకి ఎంత రక్తం దిగిందో రాయాలి, ఎక్కువైతే లోపల కారుతోందని అర్థం, ఉన్నట్టుండి ఆగిపోతే అది ఇంకా ప్రమాదం. సర్జన్ అప్పటికి ఇంటికెళ్ళి నిద్రపోతుంటాడు. ఎప్పుడు నిద్ర లేపాలో నిర్ణయించేది ఈవిడే. కుట్లు వేసిన చెయ్యి ఎంత మంచిదైనా, ఆ రాత్రి ఆ గొట్టం వైపు చూసే కళ్ళు లేకపోతే ఎందుకూ పనికిరాదు.

ఐసీయూ దాటి పైగదికి వచ్చాక మనుషులు పెరిగారు. వాళ్ళు ఎక్కడెక్కడి వాళ్ళో చెబితే మా కొలంబస్ సంగతి తెలిసినవాళ్ళకి ఆశ్చర్యం ఉండదు. ఈ ఊళ్ళో సోమాలియా వాళ్ళు వేలల్లో ఉన్నారు, భూటాన్ నుంచి వెళ్ళగొట్టబడిన నేపాలీలు కూడా వేలల్లోనే. ఆసుపత్రి నడిచేది వాళ్ళ చేతుల మీదే. నన్ను ఎక్స్‌రేకి చక్రాల కుర్చీలో తోసుకెళ్ళిన సోమాలీ కుర్రాడు పగలు కాలేజీలో చదివి సాయంత్రాలు ఇక్కడ తోస్తాడు. లిఫ్టు గుమ్మం దగ్గర చిన్న ఎత్తు వస్తే ముందే ఆగి, "దిండు పట్టుకోండి, గతుకుంది" అని చెప్పి, కుర్చీని వెనక్కి తిప్పి మెల్లగా దించేవాడు. రెండుగా కోసి తీగలతో కట్టిన ఛాతీ ఎముకకి ఆ అంగుళం గతుకు ఏం చేస్తుందో అనుభవించినవాళ్ళకే తెలుసు.

దిండంటే చెప్పాలి. గుండె ఆపరేషన్ అయిన ప్రతివాడికీ ఎర్రటి గుండె ఆకారం దిండు ఒకటిస్తారు. చూస్తే చిన్నపిల్లల బొమ్మలా ఉంటుంది. దగ్గు వచ్చినప్పుడు, నవ్వొచ్చినప్పుడు, లేచేటప్పుడు దాన్ని రెండు చేతులతో ఛాతీకి గట్టిగా అదుముకోవాలి, లేకపోతే ప్రాణం పోయినంత పని అవుతుంది. దగ్గకుండా ఉందామంటే రెస్పిరేటరీ థెరపిస్ట్ ఒప్పుకోదు. ఊపిరితిత్తుల అడుగున కఫం పేరుకుంటే న్యుమోనియా వస్తుందని, ప్లాస్టిక్ డబ్బా ఒకటి చేతికిచ్చి గంటకి పదిసార్లు అందులోంచి గాలి లాగమంటుంది. లాగుతుంటే లోపల బంతి పైకి లేస్తుంది. బంతి లేవకపోతే ఆవిడ వెళ్ళదు. ఛాతీ గొట్టాలు పీకేటప్పుడు గాలి లోపలికి పోకుండా "ఊఁ" అని రాగం తియ్యమన్నారు. నేను తీసిన రాగం ఘంటసాల వింటే పాడటం మానేసేవాడు.

మంచం మీంచి లేవడం పెద్ద విద్య. చేతులు ఆనించకూడదు, ఆనిస్తే ఎముక కదులుతుంది. వెల్లకిలా పడిన తాబేలులా కాళ్ళు ఆడిస్తున్న నన్ను చూసి ఫిజికల్ థెరపిస్ట్ నవ్వలేదు. పక్కకి ఒత్తిగిలడం, కాళ్ళు ముందు కిందికి జార్చడం, ముక్కు పాదాల మీదికి వచ్చేదాకా వంగి అప్పుడు తొడల బలంతో లేవడం, ఒక్కో ముక్కా విడిగా నేర్పాడు. మొదటిరోజు కుర్చీ దాకా. తర్వాత తలుపు దాకా. తర్వాత వరండా చివరి కిటికీ దాకా. ఆ కిటికీలోంచి కనిపించేది కార్ల పార్కింగు, దాన్ని చూడటానికి అంత ఉత్సాహంగా నడుస్తానని ఎప్పుడూ అనుకోలేదు.

ఒళ్ళు తుడిచే సంగతి రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను, ఎందుకంటే మన మగవాళ్ళు దీని గురించి మాట్లాడరు. పెళ్ళయిన నాటి నుంచీ మా ఆవిడ తువ్వాలు అందించడం తప్ప స్నానానికి మరొకరి సాయం ఎరగను. ఘనా నుంచి వచ్చిన ఒక నర్సింగ్ అసిస్టెంట్, మా అబ్బాయి వయసు ఉంటుంది, వేడి గుడ్డలతో వచ్చాడు. గాయానికి చీము పట్టకుండా ఆ మందు గుడ్డలతో మెడ నుంచి పాదాల దాకా తుడవాలి. అతను ఒక దుప్పటి మొత్తం కప్పి, తుడిచే భాగం మటుకే బయటికి తీసి, మళ్ళీ కప్పి, ఇంకో భాగం తీశాడు. మాట్లాడుతూనే ఉన్నాడు, వాళ్ళ ఊళ్ళో ఫుట్‌బాల్ గురించి, ఇక్కడి చలి గురించి. నా కళ్ళు ఎక్కడ చూడాలో తెలీని ఇబ్బంది నాకు రాకుండా ఆ కబుర్లు అడ్డం పెట్టాడని తర్వాత అర్థమైంది. ఈ పనికి నర్సింగ్ చదువు అక్కర్లేదు, సర్టిఫికెట్ చాలు. జీతం ఆసుపత్రిలో అన్నిటికంటే అడుగున ఉండేవాటిలో ఒకటి. అతను చేసినంత మర్యాదగా నాకు సన్మాన సభల్లో కూడా ఎవరూ శాలువా కప్పలేదు.

తెల్లవారుజామున నాలుగింటికి దీపం వేసి రక్తం తీసే ఆవిడ మీద మాత్రం మొదట్లో కోపమొచ్చింది. నిద్ర పట్టేది అప్పుడే. "ఈ టైములో ఎందుకమ్మా?" అని అడిగాను. ఏడింటికి డాక్టర్లు రౌండ్లకి వచ్చేసరికి పొటాషియం, క్రియాటినిన్, హిమోగ్లోబిన్ అంకెలు స్క్రీన్ మీద ఉండాలి, లేకపోతే ఆ పూట మందులు మార్చలేరు, మార్చకపోతే ఇంటికెళ్ళడం ఒకరోజు వెనక్కి పోతుంది అని చెప్పింది. సూది గుచ్చినట్టు తెలియనివ్వని చెయ్యి. కోపం పోయింది, నిద్ర మాత్రం తిరిగి రాలేదు.

ఇక ఒక రాత్రి. బైపాస్ అయిన రెండు మూడు రోజుల్లో గుండె లయ తప్పడం మామూలే, ముగ్గురు నలుగురిలో ఒకరికి అవుతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. నేను నిద్రలో ఉన్నాను, నాకేమీ తెలీదు. కొట్టాయం దగ్గరి నుంచి వచ్చిన మలయాళీ నర్సు తలుపు తోసుకుని పరిగెత్తుకొచ్చింది. "అంకుల్, ఛాతీలో ఎలా ఉంది? గుండె దడగా ఉందా?" అంటూనే బీపీ పట్టీ చుట్టింది. అప్పుడు గానీ నా గుండె అడ్డదిడ్డంగా కొట్టుకోవడం నాకు తెలియలేదు. రెండు నిమిషాల్లో డాక్టరుకి ఫోన్, పది నిమిషాల్లో అమియోడరోన్ డ్రిప్పు. లయ కుదురుకునేదాకా ఆవిడ గదిలోంచి కదల్లేదు. కుదిరాక అడిగాను, నాకే తెలియంది నీకెలా తెలిసిందమ్మా అని.

"నాకు కాదు అంకుల్, మానిటర్ రూమ్‌లో వాళ్ళకి తెలిసింది" అంది. ఆసుపత్రిలో ఎక్కడో కిటికీల్లేని గదిలో, మా అందరి గుండె గీతలూ వరసగా కదిలే తెరల ముందు కొందరు కూర్చుని ఉంటారట. మా ముఖాలు వాళ్ళకి తెలీవు, గదుల నంబర్లు తెలుసు. నా గీత తప్పగానే నర్సుకి ఫోన్ చేసింది వాళ్ళలో ఒకరు. ఆ మనిషి ఆడో మగో, ఏ దేశమో, నాకు ఇప్పటికీ తెలీదు. లయ తప్పిన గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకి పోతే పక్షవాతం. పద్దుల వాణ్ణి కాబట్టి ఇలా అనిపిస్తుంది: నా ఖాతాలో అతి పెద్ద బాకీ ఆ గదిలో కూర్చున్న మనిషికే ఉంది, చిరునామా మాత్రం లేదు.

గది తుడిచే ఆవిడ మా ఆవిడకి స్నేహితురాలైపోయింది. భూటాన్ నేపాలీ. పుట్టింది అక్కడ, పెరిగింది తూర్పు నేపాల్‌లో ఝాపా శిబిరాల్లో, పెళ్ళి, పిల్లలు కూడా ఆ వెదురు గుడిసెల్లోనే. 2008 ప్రాంతంలో ఈ దేశం వాళ్ళని తీసుకోవడం మొదలుపెట్టాక ఇక్కడికి చేరింది. ఇంగ్లీషు అంతంతమాత్రం, సినిమాలు చూసి నేర్చిన హిందీ బ్రహ్మాండం. మా ఆవిడ హిందీ హైదరాబాదుది. ఇద్దరూ కలిస్తే నా గుండె సంగతి ఎవరికీ పట్టేది కాదు. కానీ ఆ నేపాలీ ఆవిడ చేతులు మాత్రం ఆగేవి కావు. మంచం కమ్ములు, రిమోటు, తలుపు పిడి, నేను ముట్టుకునే ప్రతి చోటూ మందు గుడ్డతో తుడిచేది, తుడిచాక తడి ఆరేదాకా ముట్టుకోవద్దనేది. ఆరకముందే తుడిచేస్తే క్రిములు చావవట. కోసిన ఛాతీలో క్రిమి చేరితే మళ్ళీ కొయ్యాల్సిందే. ఆ లెక్కన ఈవిడ కూడా నా సర్జరీ టీములో మనిషే, కాకపోతే సర్జన్ పేరున్న బోర్డు మీద ఈవిడ పేరు ఎవరూ రాయరు.

ఇంటికొచ్చే ముందు మన మనసుకి తోచేది ఒకటే, ఎవరికైనా ఏమైనా ఇవ్వాలని. మన దగ్గర డిశ్చార్జి రోజున ఆయాకీ, వార్డు బాయ్‌కీ చేతిలో నోటు పెట్టడం ఆనవాయితీ, కొన్నిచోట్ల పెట్టకపోతే స్ట్రెచరు కదలదు. ఇక్కడ పెడితే పుచ్చుకోరు, పుచ్చుకుంటే ఉద్యోగానికే ముప్పు. స్వీటు డబ్బా తెస్తే అది నర్సుల గదిలో అందరిదీ అవుతుంది. మా ఆవిడ పట్టుకెళ్ళిన మైసూర్‌పాకు మధ్యాహ్నానికే అయిపోయిందని తెలిశాక, రాత్రి ఏడున్నరకి మా అమ్మాయి ఇంకో డబ్బా తీసుకెళ్ళింది. రాత్రి ఏడింటికి డ్యూటీ మారుతుంది. పగలు వచ్చిన స్వీట్లూ, పూలూ, చుట్టాలూ పగటివాళ్ళకే దక్కుతాయి. నన్ను ఎక్కువ భరించింది రాత్రివాళ్ళు.

డబ్బు వద్దనే చోట కాగితానికి విలువ ఎక్కువ. నర్సు పేరు రాసి ఫలానా రాత్రి ఫలానా పని చేసిందని ఆసుపత్రికి ఉత్తరం రాస్తే, అది పై అధికారికి వెళ్తుంది, ఆవిడ ఫైల్లో ఉంటుంది. చాలా ఆసుపత్రుల్లో డెయిసీ అవార్డు అని ఒకటుంది, రోగులే పేర్లు పంపొచ్చు. 1999లో ప్యాట్రిక్ బార్న్స్ అనే ముప్ఫై మూడేళ్ళ యువకుడు రక్తం జబ్బుతో చనిపోతే, అతన్ని చూసుకున్న నర్సుల తీరు మర్చిపోలేక అతని కుటుంబం మొదలుపెట్టింది. అతనికి ఆసుపత్రిలో దాల్చినచెక్క రొట్టెలు తినాలనిపించి, నర్సులందరికీ కూడా తెమ్మన్నాడట. ఆ అవార్డు ఇచ్చే రోజున ఇప్పటికీ ఆ రొట్టెలే పంచుతారు. గెలిచిన నర్సుకి జింబాబ్వే శిల్పులు చెక్కిన రాతి బొమ్మ ఇస్తారు. కొట్టాయం అమ్మాయి పేరు నేను పంపాను. ఇక్కడ ఎవరి పేర్లూ రాయకపోవడానికి కారణం, వాళ్ళు నా కాలమ్ కోసం ఆ పని చెయ్యలేదు.

అయితే అవార్డులతోనే సరిపెడితే నాకు ఒప్పుదల కాదు. కరోనా రోజుల్లో, 2020 మార్చి 22న మన దేశంలో వైద్య సిబ్బంది కోసం అందరూ పళ్ళేలు కొట్టారు. ఆ నెలలోనే ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళని ఇల్లు ఖాళీ చెయ్యమన్న ఇంటి యజమానులూ వార్తల్లో కనిపించారు. ఈ దేశంలో కూడా చప్పట్లు కొట్టారు, బ్యానర్లు కట్టారు. కానీ ఒక నర్సుకి ఎంతమంది రోగుల్ని అప్పజెప్పొచ్చో చట్టం చెయ్యమంటే చాలా రాష్ట్రాలు తప్పుకుంటాయి. అన్ని వార్డులకీ మొదట సంఖ్య పెట్టింది కాలిఫోర్నియా, 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలు చేసింది. మా ఒహాయోలో అలాంటి చట్టం లేదు. నాకు లయ తప్పిన రాత్రి ఆ అమ్మాయి చేతిలో ఇంకా ఎక్కువమంది ఉండి ఉంటే గదిలో అంతసేపు నిలబడగలిగేదా? నర్సుకి మనం ఇవ్వగల నిజమైన బహుమతి పక్కన ఇంకో నర్సు.

ఇప్పుడు కార్డియాక్ రిహాబ్‌కి వెళ్తున్నాను. మెడికేర్ అనే ప్రభుత్వ బీమా ఉన్నవాళ్ళకి 36 సార్లు ఇస్తారు, సాధారణంగా వారానికి మూడు. ఒంటికి తీగలు తగిలించి ట్రెడ్‌మిల్ ఎక్కిస్తారు, నర్సు తెర మీద గీత చూస్తూ ఉంటుంది. పక్క ట్రెడ్‌మిల్ మీద ఒక రిటైరైన లారీ డ్రైవరు, వాల్వు మార్చారు. ఇద్దరం వేగం గురించి పోటీ పడితే నర్సు ఇద్దర్నీ తిడుతుంది. మన తెలుగువాళ్ళు నాలుగు రోజులు వెళ్ళి "ఇంట్లోనే నడుస్తాంలెండి" అని మానేస్తారని ఆవిడే చెప్పింది. మానకండి. ఆవకాయ మానమన్నప్పుడు మాత్రం నాకు కన్నీళ్ళొచ్చాయి. బైపాస్ అయినవాళ్ళకి ఊరికే ఏడుపు రావడం కూడా మామూలేనని అదే నర్సు సర్దిచెప్పింది, కారణం ఉప్పో ఆపరేషనో నేను తేల్చలేదు.

ఆఖరిగా ఒక పనికొచ్చే మాట. ఇక్కడి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక కొంతమందికి ప్రభుత్వం నిర్దేశించిన సర్వే వస్తుంది. నర్సులు మర్యాదగా చూశారా, మీ మాట విన్నారా, అర్థమయ్యేట్టు చెప్పారా అని అడుగుతారు. జవాబులు నాలుగు: ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, సాధారణంగా, ప్రతిసారీ. మనవాళ్ళు పరీక్ష పేపర్లు దిద్దే మేష్టార్ల వారసులు, నూటికి నూరు వెయ్యడం చేతకాదు, బాగా చూశారని మెచ్చుకుంటూనే "సాధారణంగా" దగ్గర గీత పెడతారు. ఆ సర్వేని బట్టి మెడికేర్ ఆసుపత్రికిచ్చే డబ్బులో కొంత భాగం మారుతుంది, ఆ లెక్కలో మార్కు పడేది "ప్రతిసారీ" అన్నదానికే. "సాధారణంగా" అని రాస్తే ఏమీ రాయనట్టే. ఆ కాగితం మీ ఇంటికి వస్తే చెత్తబుట్టలో వెయ్యకండి. నిజంగా బాగా చూసి ఉంటే "ప్రతిసారీ" అనే రాయండి. కింద రాయడానికి ఖాళీ వదిలి ఉంటే అక్కడ పేర్లు రాయండి, రాత్రి డ్యూటీ వాళ్ళవి ముందు.